మొలతాడు కట్టే చోట సెన్సర్: బడి పిల్లల కదలికని కొలిచే పద్ధతి

పిల్లలు రోజుకి ఎంతసేపు ఒళ్ళు కదిలించి ఆడుతున్నారో తెలియాలంటే వాళ్ళనే అడిగితే పోలా అని మొదట్లో అందరికీ అనిపిస్తుంది. అడిగి చూడండి. పదేళ్ళ పిల్లాడు "రోజంతా ఆడతాను" అంటాడు, వాళ్ళమ్మేమో "ఎప్పుడు చూసినా ఫోనే మాస్టారూ" అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరికి గుర్తున్నది వాళ్ళు చెబుతున్నారు. పెద్దవాళ్ళు పొద్దున్నే అరగంట నడిచి వచ్చినట్టు పిల్లలు ఆడరు. ఓ పరుగు తీస్తారు, ఆగుతారు, ఇంకొకడి చొక్కా లాగుతారు, మళ్ళీ పరుగు. 1995లో అమెరికాలో కొంతమంది పిల్లల పక్కనే ఉండి, క్షణక్షణం ఏం చేస్తున్నారో రాసుకుని చూస్తే, గట్టిగా కదిలిన సందర్భాల్లో సగం 3 సెకన్లకి మించలేదు, నూటికి 95 సార్లు 15 సెకన్ల లోపే అయిపోయాయి. దీన్ని ఏ పిల్లాడు లెక్కపెట్టుకుని మనకి చెబుతాడు? అందుకే ఒంటికి కట్టే సెన్సర్, అంటే యాక్సెలరోమీటర్.

నేను ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోనూ, కాశీనగర్ వైపు ఊళ్ళలోనూ బడి పిల్లలకి ఈ మిషన్లు కట్టి కొలతలు తీసే పని కొన్నేళ్ళుగా చేస్తున్నాను. ఈ పని కొత్తగా మొదలుపెట్టే పీఈటీ మాస్టార్లకీ, నర్సింగు, ఎమ్మెస్‌డబ్ల్యూ ప్రాజెక్టులు చేసే పిల్లలకీ పనికొస్తుందని రాస్తున్నాను. మిషను గురించి పుస్తకాల్లో దొరుకుతుంది. మన దగ్గర పిల్లల రోజు ఎలా గడుస్తుందో, ఆ రోజులో మిషనుకి ఏది కనపడదో చెప్పేవాళ్ళు తక్కువ. ఆ సంగతి మీదే ఎక్కువ రాస్తాను.

ఏ మిషను

పరిశోధనల్లో ఎక్కువగా కనిపించేవి మూడు: యాక్టిగ్రాఫ్, జెనియాక్టివ్, యాక్సివిటీ. అగ్గిపెట్టెకి కాస్త అటూ ఇటూ సైజులో ఉంటాయి, యాక్సివిటీ ఏఎక్స్3 అయితే 11 గ్రాములే. మూడు దిక్కుల్లో కదలికని సెకనుకి 30 నుంచి 100 సార్లు రాసుకుంటాయి, లోపల దాచుకుంటాయి. పిల్లలు చూసి ఆడుకోవడానికి వీటి మీద అంకెలు కనిపించవు, అది మనకి మంచిదే, అంకె కనిపిస్తే దాన్ని పెంచడానికే గెంతుతారు.

బజారులో దొరికే స్మార్ట్ వాచీలు, బ్యాండ్లు వాడొచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఒకే పిల్లకి, ఒకే వాచీతో, ఈ నెలా వచ్చే నెలా పోల్చుకోవడానికైతే వాడుకోండి. కానీ లోపల లెక్క ఎలా కడుతుందో కంపెనీ చెప్పదు, అప్‌డేట్ వచ్చినప్పుడు లెక్క మారిపోవచ్చు, రెండు కంపెనీల వాచీలు పక్కపక్కన కట్టుకున్నా ఒకే అంకె చూపించవు. బడి మొత్తాన్ని కొలిచి ఎవరికైనా నివేదిక ఇవ్వాలంటే అవి చాలవు. చేతిలో డబ్బు లేకపోతే, కనీసం సెన్సర్ ఎలా పనిచేస్తుందో పిల్లలకి చూపించడానికి ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది. ఫోన్ చేత్తో పట్టుకుని నడిస్తే గీత ఎలా లేస్తుందో, పరిగెడితే ఎలా ఎగురుతుందో పిల్లలే కళ్ళారా చూస్తారు. అది ఒక్కసారి చూపిస్తే బెల్టు మీద భయం సగం పోతుంది.

ఎక్కడ కట్టాలి

నడుముకా, మణికట్టుకా? రెండూ వాడుకలో ఉన్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో 2003 నుంచి 2006 వరకు నడుముకి కట్టారు, 2011 నుంచి 2014 వరకు మణికట్టుకి మార్చారు. చేతికైతే వాచీలాగా 24 గంటలూ ఉంచుకుంటారు, తీసి పక్కన పెట్టడం తగ్గుతుంది.

అయినా నేను బడి పిల్లలకి నడుమే కడతాను. మణికట్టు చేతి పనిని ఒంటి పనిగా లెక్కేస్తుంది. వేసవి ముందు మా వైపు ఇళ్ళలో పిల్లలు అమ్మమ్మ పక్కన కూర్చుని గంటలకొద్దీ చింతపండు పిక్కలు తీస్తారు, చెయ్యి ఆడుతూనే ఉంటుంది, ఒళ్ళు కదలదు. నడుము మీద మిషనుకి ఆ తేడా తెలుస్తుంది. పెద్దపిల్లలు, ముఖ్యంగా ఇంటరు వయసు వాళ్ళు, బెల్టు కట్టుకోమంటే సిగ్గుపడతారు, వాళ్ళకి మణికట్టే నయం, ఎడంచేతికి (రాసే చెయ్యి కాని చేతికి). ఏది ఎంచుకున్నా ఒక కొలతలో అందరికీ ఒకటే. సగం మందికి నడుము, సగం మందికి చెయ్యి అంటే ఆ రెండు గుంపుల్నీ మళ్ళీ కలపలేరు.

నడుము అంటే సరిగ్గా ఎక్కడ? కుడి తుంటి ఎముక పైన, చంక మధ్య నుంచి గీత గీస్తే వచ్చి తగిలే చోట. తల్లులకి నేను ఇంత చెప్పను, "మొలతాడు కట్టే చోటేనమ్మా, కుడివైపు" అంటాను, వెంటనే అర్థమైపోతుంది. ఎలాస్టిక్ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరితే వదులు. వదులైతే పిల్లాడు పరిగెత్తినప్పుడు మిషను విడిగా ఊగుతుంది, ఒక అడుగుకి రెండు అడుగుల కదలిక రాస్తుంది. చొక్కా లోపల, బనీను మీద కట్టండి. చర్మానికి తగిలితే మార్చి నుంచి ఈ చెమటకి దురద పుట్టి రెండో రోజుకే విప్పేస్తారు. ఆడపిల్లలకి నేను ఎప్పుడూ ఒక టీచరమ్మ చేతే కట్టిస్తాను, నెలసరి రోజుల్లో బెల్టు ఇబ్బందిగా ఉంటే తీసేయొచ్చని కూడా ఆవిడ చేతే ముందే చెప్పిస్తాను. ఆ ఒక్క మాట చెప్పకపోతే పిల్ల తీసేస్తుంది, ఎందుకు తీసిందో మనకి చెప్పదు, మనం మన కాగితంలో "పిల్ల సహకరించలేదు" అని రాసుకుంటాం.

గడియారం, ముక్కలు

మిషన్లని కంప్యూటరుకి తగిలించి, ఏ రోజు ఏ గంట నుంచి రాయాలో చెప్పి వదలాలి. ఇక్కడ కంప్యూటరులో టైము ఏది ఉంటే మిషనుకీ అదే వస్తుంది. ఒకసారి అరువు తెచ్చిన ల్యాప్‌టాప్‌తో ఇరవై మిషన్లు సిద్ధం చేసి ఒక బడిలో కట్టేశాను, వారం తర్వాత చూస్తే సాయంత్రం నాలుగింటి కబడ్డీ అంతా పొద్దున్న పదిన్నర ఒడియా క్లాసులో జరిగినట్టు ఉంది. ఆ ల్యాప్‌టాప్ గ్రీనిచ్ టైములో ఉంది, మనకన్నా అయిదున్నర గంటలు వెనక. తేడా ఎంతో తెలిసింది కాబట్టి అన్నిటినీ ముందుకి జరిపి సరిచేయగలిగాను. తెలియడానికి కారణం ఒక చిన్న అలవాటు: మిషన్లన్నీ పిల్లలకి పంచేముందు ఒక డబ్బాలో వేసి, ఫోన్‌లో టైము చూసి, ఆ నిమిషంలో డబ్బాని పదిసార్లు గట్టిగా ఊపుతాను, ఆ టైము నోటుబుక్కులో రాస్తాను. అన్ని ఫైళ్ళలోనూ అదే నిమిషంలో పది ముళ్ళు కనిపించాలి. కనిపించకపోతే గడియారం తప్పు, లేదా ఆ మిషను పాడైంది. ఇది మాత్రం మానకండి.

ఇంక ఎపాక్. మిషను రాసిన కదలికని ఎంతెంత ముక్కలుగా కోసి కూడుతామో దాన్ని ఎపాక్ అంటారు. పెద్దవాళ్ళ మీద చేసే పరిశోధనల్లో 60 సెకన్లు పెడతారు, అదే పిల్లలకీ పెట్టేయడం చాలా చోట్ల చూశాను. ఏమవుతుందో లెక్కేసి చూద్దాం. ఖోఖోలో ఒక పిల్ల 15 సెకన్లు పరిగెత్తింది, మిషను 1,200 కౌంట్లు (కదలిక ఎంతుందో చెప్పే అంకె) రాసింది. మిగతా 45 సెకన్లు వరసలో కూర్చుంది, ఒక్కో 15 సెకన్లకి 20 చొప్పున 60. నిమిషం మొత్తం 1,260. పిల్లలకి ఎక్కువగా వాడే ఈవెన్సన్ కొలమానం ప్రకారం నిమిషానికి 2,296 దాటితేనే మధ్యస్థ శ్రమ, కాబట్టి ఆ నిమిషం మొత్తం తేలికపాటి కదలిక కింద పోయింది. అదే 15 సెకన్ల ముక్కల్లో చూస్తే, 574 దాటితే మధ్యస్థం, 1,003 దాటితే తీవ్రం, అంటే ఆ పరుగు 15 సెకన్లూ తీవ్ర శ్రమగా నిలబడింది. పరిగెత్తింది అదే పిల్ల, అదే పరుగు. అందుకే పిల్లలకి 15 సెకన్లు మించి పెట్టకండి, వీలైతే ఇంకా తక్కువ. ఇప్పటి మిషన్లు ముడి కదలికనే దాస్తాయి కాబట్టి తర్వాతైనా మార్చుకోవచ్చు, యాక్టిగ్రాఫ్ వాళ్ళ పాత జీటీ1ఎం లాంటివి దొరికితే మాత్రం కట్టేముందే నిర్ణయించుకోవాలి, అవి ముక్కలుగా కూడినదే దాస్తాయి. సెకనుకి ఎన్నిసార్లు రాయాలో అడిగే చోట యాక్టిగ్రాఫ్‌కి 30 గానీ, 60, 90 గానీ ఇవ్వండి, కౌంట్లు కట్టే లెక్క 30 మీదే తయారైంది.

ఆ వారం

ఎనిమిది రోజులు కట్టించి ఏడు రోజులు వాడుకోండి. మొదటి రోజు పిల్లలు ఒకళ్ళ బెల్టు ఒకళ్ళు చూసుకుంటూ, గెంతి చూసుకుంటూ ఉంటారు, ఆ రోజుని వదిలేయడం మంచిది. లెక్కకి పనికొచ్చే రోజంటే మెలకువగా ఉన్న గంటల్లో కనీసం 10 గంటలు కట్టుకుని ఉండాలి, అలాంటి రోజులు కనీసం నాలుగు, అందులో ఒకటైనా ఆదివారం గానీ సెలవు గానీ ఉండాలి. చాలామంది పాటించే లెక్క ఇది. సెలవు రోజు ఎందుకంటే బడి ఉన్న రోజూ బడి లేని రోజూ ఒకలా ఉండవు. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎండలు ముదిరాక ఒడిశా బళ్ళు పొద్దుటి పూటకి మారతాయి, మధ్యాహ్నమంతా పిల్లలు ఇంట్లో నీడన పడుంటారు, ఆట సాయంత్రం చల్లబడ్డాక. డిసెంబరులో కొలిచిన పిల్లల్నీ ఏప్రిల్లో కొలిచిన పిల్లల్నీ ఒకే పట్టికలో పెడితే మీరు కొలిచింది పిల్లల్ని కాదు, ఎండని.

పండగలు కూడా చూసుకోండి. జూన్ మధ్యలో ఒడియా వాళ్ళ రజో పండగ వస్తుంది, ఆ మూడు రోజులూ ఆడపిల్లలకి పని చెప్పరు, ఉయ్యాలలే ఉయ్యాలలు. తెలుగిళ్ళ పిల్లలు కూడా పక్కింటి ఉయ్యాల ఎక్కకుండా ఉంటారా? ఉయ్యాల ఊగేటప్పుడు సెన్సర్ కదులుతుంది, ఆ కదలికలో పిల్ల కండరం చేసిన పని ఎంతో, ఉయ్యాల చేసిన పని ఎంతో దానికి తెలియదు. ఆ వారాన్ని వదిలేయండి.

అనుమతి సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, దానికి తోడు 7 ఏళ్ళు దాటిన పిల్లల్ని కూడా వాళ్ళ మాటగా ఒప్పుకుంటారా అని అడగాలి, 12 దాటితే ఆ ఒప్పుకోలు రాతలో ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. కాగితం ఏ భాషలో? మా ఊళ్ళో ఇది పెద్ద ప్రశ్న. పిల్ల ఒడియా మీడియం, తెలుగు అక్షరాలు రావు, మాటలే వచ్చు. టెక్కలి నుంచో మెళియాపుట్టి నుంచో కోడలిగా వచ్చిన వాళ్ళమ్మకి తెలుగు చదవడం వచ్చు, ఒడియా రాదు. నాన్నమ్మకి ఏదీ రాదు, కానీ ఇంట్లో చివరి మాట ఆవిడదే. అందుకని ఒకే కాగితం మీద ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా వేయించి, ఇంటికెళ్ళి పైకి చదివి వినిపించండి. సవర తెగ పిల్లలుంటే వాళ్ళ భాష వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో వాళ్ళు అడిగేవి ఎప్పుడూ ఇవే: కెమెరా ఉందా, కరెంటు కొడుతుందా, పోతే డబ్బు కట్టాలా. "మాస్టారూ, ఇది ఎట్టుకుని తొంగుంటే పర్లేదేటి?" అని ఒక నాన్నమ్మ అడిగింది. పర్లేదమ్మా, కెమెరా లేదు, మాటలు వినదు, ఎక్కడ తిరిగారో చెప్పదు, పోయినా మీరు డబ్బు కట్టక్కర్లేదు, అని ఇంత తేటగా చెప్పాలి. చెప్పాక ఆ మాట మీద నిలబడాలి.

మిషనుకి కనపడనివి

నాకు ముఖ్యమైంది ఈ భాగం. మిషను కొలిచేది దాన్ని కట్టిన చోటు ఎంత కదిలిందో, అంతే. పిల్ల ఎంత కష్టపడిందో కాదు.

హైస్కూలు పిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చాక మా వైపు చాలామంది ఆడపిల్లలు నాలుగైదు కిలోమీటర్లు తొక్కుకుంటూ వస్తున్నారు. తొక్కేటప్పుడు కాళ్ళు తిరుగుతాయి, నడుము సీటు మీద కుదురుగా ఉంటుంది. నడుము మిషను ఆ అరగంటని దాదాపు కూర్చున్నట్టే రాస్తుంది. చెమట కారుతూ బడికి వచ్చిన పిల్లని, ఆటోలో వచ్చిన పిల్లకన్నా బద్ధకస్తురాలిగా చూపిస్తుంది, ఎందుకంటే గతుకుల రోడ్డు మీద ఆటో కుదుపు కొంతైనా మిషనులో పడుతుంది. ఇక నీళ్ళు. బోరు దగ్గర నుంచి నిండు బిందె చంకలో పెట్టుకుని నడిచే పిల్ల నెమ్మదిగా, తొణక్కుండా నడుస్తుంది. ఎంత జాగ్రత్తగా నడిస్తే మిషనుకి అంత తక్కువ కదలిక. బిందె బరువు దానికి తెలియదు. మెట్టెక్కడం, కట్టెలు మోయడం, ఈత, ఇవీ అంతే. ఏటికి స్నానానికి వెళ్ళేటప్పుడు బెల్టు తీసి గట్టు మీద పెడతారు, గంటసేపు నీళ్ళలో ఈదిన పిల్లాడి ఫైల్లో ఆ గంట సున్నా.

దీనికి మందు ఒక్కటే, డైరీ. పిల్లల చేత వ్యాసాలు రాయించొద్దు, రాయరు. ఒక రోజుకి ఒక కాగితం, దాని మీద గంటల గళ్ళు, పైన బొమ్మలు: సైకిలు, బిందె, ఏరు, నిద్ర, ఆట, బెల్టు తీసిన గుర్తు. గడిలో బొమ్మ నంబరు వేస్తే చాలు. పొద్దున్న ప్రేయర్ అయ్యాక అయిదు నిమిషాలు నిన్నటి కాగితం పక్కన కూర్చుని నింపించండి, ఇంట్లో నింపుకు రమ్మంటే వారం చివర ఒకే పెన్నుతో ఒకే కూర్చోడంలో నింపుతారు. ఫైల్లో సైకిల్ గంటలు కనిపించినప్పుడు నేను కౌంట్లు మార్చను, ఆ నిమిషాల్ని విడిగా లెక్కేసి, "సైకిల్, డైరీ ప్రకారం" అని పక్కన చూపిస్తాను. కలిపేస్తే వేరే ఊరి లెక్కతో పోల్చడానికి కుదరదు, వదిలేస్తే ఆడపిల్లలకి అన్యాయం.

లెక్క కట్టడం

ముందు కట్టుకోని సమయం తీసేయాలి. వరసగా ఎన్ని నిమిషాలు సున్నాలుంటే బెల్టు తీసేసినట్టు అనుకోవాలి? చిన్నపిల్లలు 20 నిమిషాలు కదలకుండా ఉండటం అరుదు కాబట్టి వాళ్ళకి 20 వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. పదో తరగతి పిల్లకి అదే పెడితే పరీక్షలకి చదువుకుంటూ కదలకుండా కూర్చున్న గంటలన్నీ ఎగిరిపోతాయి. టీనేజి పిల్లలకి 60 గానీ 90 గానీ పెట్టి, డైరీతో సరిచూసుకోండి.

ముడి డేటాతో పనిచేసేవాళ్ళకి జీజీఐఆర్ అనే ఉచిత ప్యాకేజీ ఉంది, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడుస్తుంది. మూడు దిక్కుల కదలికనీ కలిపి, అందులోంచి భూమ్యాకర్షణ 1 జీ తీసేసి, మైనస్ వస్తే సున్నా చేస్తుంది, ఆ అంకెని ఈఎన్ఎంఓ అంటారు. బల్ల మీద కదలకుండా పెట్టిన మిషనుకి ఇది సున్నా దగ్గర రావాలి, రాకపోతే కేలిబ్రేషన్, అంటే మిషను కొలతని సరిచేయడం, చూసుకోండి. యాక్టిగ్రాఫ్ కౌంట్లతో పనిచేసినా ఇబ్బంది లేదు, కౌంట్లు ఎలా కడతారో ఆ కంపెనీ 2022లో బయటపెట్టింది.

తర్వాత కట్ పాయింట్లు, అంటే ఎంత దాటితే మధ్యస్థ శ్రమ, ఎంత దాటితే తీవ్రం. ఈవెన్సన్ వాళ్ళు నిమిషానికి 2,296 అంటారు, పుయావ్ వాళ్ళు 3,200 అంటారు. ఒకే పిల్లాడి ఒకే రోజుని రెండింటితో లెక్కేస్తే రెండు జవాబులు వస్తాయి, ఒకదానిలో సరిపడా ఆడినవాడు ఇంకోదానిలో సోమరి అవుతాడు. కాబట్టి ఏది వాడారో, ఎపాక్ ఎంతో, ఎక్కడ కట్టారో, ఈ మూడూ మీ మొదటి పట్టిక కిందే రాయండి. అవి లేని "మా బడి పిల్లలు రోజుకి ఇన్ని నిమిషాలు" అనే అంకెని నేనైతే నమ్మను.

పోల్చేది దేనితో అంటే, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 60 నిమిషాల మధ్యస్థ, తీవ్ర శ్రమతో. 2010లో ప్రతిరోజూ కనీసం 60 అన్నారు, 2020లో దాన్ని వారం మొత్తం మీద రోజుకి సగటున 60గా మార్చారు. ఇది చిన్న మార్పు కాదు, ఆదివారం రెండు గంటలు క్రికెట్ ఆడి సోమవారం ట్యూషన్‌లో కూర్చున్న పిల్లాడు పాత లెక్కలో తప్పాడు, కొత్త లెక్కలో నెగ్గొచ్చు. ఇంకో జాగ్రత్త: ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో నూటికి 81 మంది తగినంత కదలడం లేదన్న మాట మీరు వినే ఉంటారు, 2016 లెక్క అది, ఆడపిల్లల్లో 85, మగపిల్లల్లో 78. ఆ లెక్క ప్రశ్నలు అడిగి తీసింది, సెన్సర్లు కట్టి కాదు. మీ సెన్సర్ అంకెని తీసుకెళ్ళి దాని పక్కన పెట్టి మా జిల్లా మెరుగు, మా జిల్లా అధ్వాన్నం అనకండి.

పిల్లలకి తిరిగి ఇవ్వడం

వారం రోజులు ఒంటికి కట్టుకున్న పిల్లకి తన కాగితం తనకి ఇవ్వాలి. క్లాసులో అందరి ముందూ చదవకండి, ఫస్టు సెకండు పెట్టకండి. ఒక బడిలో పెద్దవాళ్ళొకరు లావుగా ఉన్న పిల్లాడి అంకెని అందరికీ వినపడేలా చదివారు, నేను ఆపేలోగా అయిపోయింది, ఆ పిల్లాడు మళ్ళీ ఆటల పీరియడ్‌కి రాలేదు. అప్పట్నుంచి కాగితాలు నేనే ఇళ్ళకి తీసుకెళ్ళి ఇస్తున్నాను.

గ్రాఫ్ చూపించేటప్పుడు ముందు మీరు వివరించకండి, ఇంట్లోవాళ్ళని చూడనివ్వండి. కాశీనగర్ దగ్గర ఒక తల్లి సాయంత్రం అయిదూ ఆరు మధ్య పొట్టిగా ఉన్న గీతల మీద వేలు పెట్టి, "ఇక్కడ బోరుకాడికి నాలుగు తిరుగుళ్ళు తిరిగిందండీ, మరి ఇంతే సూపిస్తందేటి?" అంది. పిల్ల డైరీలో ఆ గడి ఖాళీగా ఉంది, రాయడం మరిచిపోయిందట. ఇలాంటి మాట వస్తే అక్కడే పెన్సిల్‌తో గ్రాఫ్ మీద రాసుకోండి, ఎన్ని బిందెలు, ఎంత దూరం అని అడిగి పక్కన వేయండి, ఆ గంటకి వేరే రంగు గుర్తు పెట్టండి. ఇంటికొచ్చాక బెల్టు ఎలాస్టిక్‌లు సబ్బునీళ్ళలో ఉతికి నీడన ఆరేసి, మిషన్లన్నీ ఛార్జింగ్ పెట్టి, మళ్ళీ డబ్బాలో వేసి టైము చూసి పదిసార్లు ఊపండి.